44 పాయింట్లు వెనకబడి కప్పు కొట్టిన జట్టు: అమెచ్యూర్ కోచ్ కళ్లతో కార్ల్టన్ 1970 సీజన్

1970 సెప్టెంబర్ 26, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. స్టేడియంలో 1,21,696 మంది. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ చెదరని రికార్డు అది. సగం ఆట అయ్యేసరికి (బ్రాకెట్లో ఉన్నది మొత్తం పాయింట్లు) కాలింగ్‌వుడ్ 10.13 (73), కార్ల్టన్ 4.5 (29). ఆట ముగిసేసరికి కార్ల్టన్ 17.9 (111), కాలింగ్‌వుడ్ 14.17 (101).

ఈ మ్యాచ్ గురించి ఎవరిని అడిగినా ఒకే కథ చెబుతారు. విరామంలో కోచ్ రాన్ బరాసీ ‘హ్యాండ్‌బాల్ ఆడండి’ అని ఆదేశించాడు, కుర్రాళ్లు చెలరేగిపోయారు, కప్పు వచ్చింది. కథ అబద్ధం కాదు. కానీ వారానికి రెండు సాయంత్రాలు మాత్రమే ప్రాక్టీసు చేసే జట్టుకి ఆ కథతో ఒరిగేది తక్కువ. స్కోరు కార్డును విడదీసి చూస్తే మాత్రం పనికొచ్చేది చాలానే దొరుకుతుంది.

అమెచ్యూర్ జట్టుకి ఈ కేసు ఎందుకంటే, ఆనాటి విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ ఆటగాళ్లకి డబ్బు ముట్టేది గానీ అది బతుకుతెరువు కాదు. 1911లో లీగ్ చెల్లింపులకి అనుమతి ఇచ్చాక కూడా దశాబ్దాల పాటు ఆటగాళ్లు పగలు ఉద్యోగం చేసుకుని, చీకటి పడ్డాక మైదానానికి వచ్చి, శనివారం మ్యాచ్ ఆడేవారు. 1892లో పుట్టిన విక్టోరియన్ అమెచ్యూర్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో నేటికీ అదే పద్ధతి, ఆటగాడికి పైసా ఇవ్వరు. కాబట్టి ఆ లీగే పేరు మారి నడుస్తున్న నేటి ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) జట్ల కన్నా 1970 కార్ల్టనే అమెచ్యూర్ కోచ్‌కి దగ్గరి చుట్టం.

ఆట తెలియనివారికి నాలుగు ముక్కలు. కోడిగుడ్డు ఆకారపు మైదానం, ఒక్కో జట్టుకి 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. నడిమి స్తంభానికీ పక్క స్తంభానికీ మధ్య నుంచి వెళ్తే బిహైండ్, 1 పాయింటు. 10.13 (73) అంటే 10 గోల్స్, 13 బిహైండ్లు, మొత్తం 73. తన్నిన బంతిని గాల్లో పట్టుకుంటే అది మార్క్. పట్టినవాడు ఆగి, ఎవరూ అడ్డం పడకుండా తన్నుకోవచ్చు. బంతిని విసరకూడదు. ఒక అరచేతిలో ఉంచుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి, అదే హ్యాండ్‌బాల్. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉండే తెలుగు కుటుంబాల పిల్లలు ఆదివారం పూట ఆస్‌కిక్ అనే పిల్లల శిక్షణలో మొదట నేర్చుకునేది ఇదే.

రెండో స్థానం విలువ

ఫైనల్‌కి ముందు ఆ ఏడాది కార్ల్టన్ కాలింగ్‌వుడ్‌తో మూడుసార్లు ఆడింది, మూడుసార్లూ ఓడింది. అయినా కప్పు కొట్టడానికి మైదానంలో ఆటతో పాటు పట్టికలో వాళ్లున్న స్థానం కూడా కారణం.

లీగ్‌లో 12 జట్లు, 22 రౌండ్లు. గెలుపుకి 4 పాయింట్లు. కాలింగ్‌వుడ్ 18 విజయాలతో మొదటిది, కార్ల్టన్ 16తో రెండోది. సెయింట్ కిల్డా, సౌత్ మెల్‌బోర్న్ 14 చొప్పున గెలిచి మూడు, నాలుగు స్థానాల్లో నిలిచాయి. 1931లో మొదలై అప్పట్లో నడుస్తున్న పద్ధతి ప్రకారం 1, 2 స్థానాల జట్లు ఒక సెమీఫైనల్, 3, 4 స్థానాల జట్లు మరొకటి ఆడాలి. పై సెమీలో గెలిచినవాళ్లు నేరుగా ఫైనల్‌కి వెళ్తారు. ఓడినవాళ్లు ఇంటికి వెళ్లిపోరు; కింది సెమీ విజేతతో ప్రిలిమినరీ ఫైనల్ ఆడతారు. కార్ల్టన్ పై సెమీలో కాలింగ్‌వుడ్ చేతిలో 10 పాయింట్ల తేడాతో ఓడింది. వారం తర్వాత సెయింట్ కిల్డాని 62 పాయింట్లతో చిత్తు చేసి ఫైనల్‌కి వచ్చింది.

ఐపీఎల్ చూసేవాళ్లకి ఇది కొత్త కాదు. 2011 నుంచి క్వాలిఫయర్, ఎలిమినేటర్ అని నడుస్తున్నది అచ్చంగా ఈ పద్ధతే. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2018లో చెన్నై చేతిలో, 2024లో కోల్‌కతా చేతిలో మొదటి క్వాలిఫయర్ ఓడి, రెండో క్వాలిఫయర్ గెలిచి, ఫైనల్లో మళ్లీ అదే జట్టుని ఎదుర్కొంది. కార్ల్టన్ నడిచిన దారే. చివరి మెట్టు దగ్గర మాత్రం సన్‌రైజర్స్ రెండుసార్లూ జారింది.

లెక్క వేసి చూడండి. ప్రతి మ్యాచ్‌లోనూ గెలుపోటములు సగం సగం అనుకుంటే, మొదటి రెండు స్థానాల్లో ఉన్న జట్టుకి కప్పు అవకాశం 37.5 శాతం (సెమీ, ఫైనల్ గెలిస్తే 25, సెమీ ఓడి మిగతా రెండూ గెలిస్తే 12.5). మూడు, నాలుగు స్థానాలకి 12.5 శాతమే. అంటే రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య మూడు రెట్ల తేడా. మొదటికీ రెండోదానికీ మధ్య తేడా దాదాపు సున్నా. పది జట్ల అమెచ్యూర్ డివిజన్‌లో 18 మ్యాచ్‌లు ఉంటాయి. చివరి నాలుగు వారాల్లో చాలామంది కోచ్‌లు అగ్రస్థానం కోసం గాయపడ్డవాళ్లని కూడా దింపుతారు. రెండో స్థానం ఖాయమైపోయిన జట్టుకి ఆ తాపత్రయం శుద్ధ దండగ. మూడో స్థానంలో ఉన్న జట్టుకి మాత్రం ప్రతి పాయింటూ బంగారమే, శాతం కూడా. చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది శాతం. గెలుపులు సమానమైతే పట్టికలో స్థానం తేల్చేది అదే. ఇది సీజన్ మొత్తం మీద లెక్క కాబట్టి, ఏ మ్యాచ్‌లోనైనా ప్రత్యర్థిని ఆపిన ఒక్కో గోల్‌కి విలువ ఉంటుంది. ఓడిపోతున్న మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు వదిలేసే జట్లు ఆగస్టులో పట్టిక చూసి తల పట్టుకుంటాయి.

స్కోరు కార్డు చెప్పేది

ఫైనల్‌ని క్వార్టర్ల వారీగా విడదీస్తే ఇలా ఉంటుంది. మొదటి క్వార్టర్: కాలింగ్‌వుడ్ 4.8, కార్ల్టన్ 0.3. రెండోది: కాలింగ్‌వుడ్ 6.5, కార్ల్టన్ 4.2. మూడోది: కాలింగ్‌వుడ్ 3.3, కార్ల్టన్ 8.0. నాలుగోది: కాలింగ్‌వుడ్ 1.1, కార్ల్టన్ 5.4.

మొత్తం మీద స్కోరు తెచ్చిన షాట్లు కాలింగ్‌వుడ్‌వి 31, కార్ల్టన్‌వి 26. ఐదు షాట్లు ఎక్కువ ఉన్న జట్టు 10 పాయింట్లతో ఓడింది. కాలింగ్‌వుడ్ షాట్లలో గోల్‌గా మారినవి 45 శాతం, కార్ల్టన్‌వి 65 శాతం. బిహైండ్ గోల్‌గా మారితే అదనంగా వచ్చేది 5 పాయింట్లు. మొదటి సగంలోని 13 బిహైండ్లలో రెండంటే రెండు గోల్స్ అయివుంటే మ్యాచ్ టై అయ్యేది. మూడైతే కప్పు కాలింగ్‌వుడ్‌దే. బిహైండ్లలో డిఫెండర్లు కావాలని గీత దాటించినవీ కలుస్తాయి కాబట్టి 13నీ గురి తప్పిన షాట్లుగా లెక్కించకూడదు. అయినా మొదటి క్వార్టర్‌లో 12 షాట్లకి 4 గోల్స్ అన్నది పెత్తనం చెలాయించిన జట్టు అంకె కాదు. 29 పాయింట్ల ఆధిక్యం చూసి కాలింగ్‌వుడ్ అభిమానులు సంబరపడ్డారు. అంత ఒత్తిడి పెట్టిన జట్టు నిజానికి అంతకన్నా చాలా ముందుండాలి.

ఇక మూడో క్వార్టర్‌లో కార్ల్టన్ ఎనిమిది షాట్లకి ఎనిమిది గోల్స్. ఒక్క విరామంలో ఎవరి కాలి గురీ బాగుపడదు. మారింది షాట్ తీసిన చోటు. హ్యాండ్‌బాల్ చేసిన పని అదే.

ఆనాటి ఆట తీరు చూస్తే కారణం తెలుస్తుంది. పొడుగ్గా తన్నడం, మార్క్ పట్టడం, ఆగడం, మళ్లీ పొడుగ్గా తన్నడం. ఆగిన ఆ కొన్ని క్షణాలు డిఫెండర్లకి వరం. తమ మనిషి వెనక సర్దుకుంటారు, గోల్ ముందు గుంపు కడతారు. ఫలితంగా ఫార్వర్డ్‌లు (గోల్ కొట్టాల్సిన ముందు ఆటగాళ్లు) పక్కలకి పరుగెత్తి, వంకర కోణంలో మార్క్ పట్టి, అక్కడి నుంచే తన్నాలి. బంతి దొరికినవాడు ఆగకుండా పక్కన పరుగెత్తే సహచరుడికి హ్యాండ్‌బాల్ ఇస్తే, ఒక డిఫెండర్ తన మనిషిని వదిలి అతని మీదకి రాక తప్పదు. వచ్చాడా, వెనక ఒకడు ఖాళీ. అలా రెండుసార్లు జరిగితే బంతి గోల్ ముందుకి చేరేసరికి అక్కడ ఇద్దరికి ఒక్కడే కాపలా. షాట్ దగ్గర నుంచి, ఎదురుగా.

కోణం లెక్క కూడా చూడండి. గోల్ స్తంభాల మధ్య దూరం 6.4 మీటర్లు. సరిగ్గా ఎదురుగా 20 మీటర్ల నుంచి చూస్తే గోల్ 18 డిగ్రీల వెడల్పు కనిపిస్తుంది. 45 మీటర్ల నుంచి 8 డిగ్రీలే. 30 మీటర్ల దూరమే అయినా 45 డిగ్రీల పక్కకి ఉంటే 8.7 డిగ్రీలు, అంటే ఎదురుగా 42 మీటర్ల నుంచి తన్నినట్టు. ‘ముప్పై మీటర్లే కదా’ అని పక్క నుంచి తన్నే ఫార్వర్డ్‌కి ఈ లెక్క ఒకసారి కాగితం మీద గీసి చూపిస్తే చాలు, రెండోసారి చెప్పక్కర్లేదు.

అలెక్స్ జెసలెంకో ఆ సీజన్‌లో 115 గోల్స్ కొట్టాడు. కార్ల్టన్ తరఫున ఒక సీజన్‌లో వంద దాటిన మొదటివాడు. ఫైనల్లో రెండో క్వార్టర్‌లో కాలింగ్‌వుడ్ ఆటగాడి భుజాల మీదుగా లేచి అతను పట్టిన మార్క్ ఆస్ట్రేలియా అంతటా పోస్టర్ అయింది. ఏడాదిలో ఉత్తమ మార్క్‌కి ఏఎఫ్‌ఎల్ ఇచ్చే పతకం నేటికీ అతని పేరు మీదే ఉంది. చూడముచ్చటైన పట్టే, సందేహం లేదు. కానీ ఆ క్వార్టర్ ముగిసేసరికీ జట్టు 44 వెనకే ఉంది.

రెండు సాయంత్రాల్లో దీన్ని నేర్పడం

మంగళ, గురువారాల్లో గంటన్నర చొప్పున దొరికే జట్టుకి హ్యాండ్‌బాల్‌కి కేటాయించగలిగేది మంగళవారం 20 నిమిషాలు, గురువారం 10. ఎనిమిది బంతులు, పన్నెండు కోన్‌లు, ఒక నీళ్ల బకెట్ ఉంటే సరిపోతుంది.

మొదట 15 మీటర్ల చతురస్రం. నలుగురు బంతితో, ఇద్దరు అడ్డుకోవడానికి. నిమిషం ఆట, అర నిమిషం విశ్రాంతి, నాలుగుసార్లు. ఇక్కడ చూడాల్సింది ఒకటే: బంతి అందుకునేవాడు కదులుతూ అందుకుంటున్నాడా? నిలబడి అందుకుంటే ఆ హ్యాండ్‌బాల్ లెక్కలోకి రాదు, బంతి అవతలివాళ్లకి ఇచ్చేయాలి. రెండో దశ 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు బాట. ముగ్గురు వెనక నుంచి వస్తారు, ఇద్దరు డిఫెండర్లు, ముందు గోల్ దగ్గర ఒక ఫార్వర్డ్. వరసగా రెండు హ్యాండ్‌బాల్‌లకి మించకూడదు, మూడోది కిక్. షాట్ 30 మీటర్ల లోపు, గోల్‌కి దాదాపు ఎదురుగా తీస్తేనే లెక్క. పక్కకి పోతే మళ్లీ మొదటి నుంచి. గురువారం ఇదే బాట, డిఫెండర్లు ముట్టుకోకుండా, నడక కంటే కాస్త వేగంగా. శనివారం మ్యాచ్ ఉండగా గురువారం కుమ్ములాట పెట్టే కోచ్ ఫిజియోని పోషిస్తున్నట్టు.

పాడయ్యే చోట్లు తెలిసినవే. కొత్తవాళ్లు బంతి పట్టిన చేతిని ముందుకు ఊపుతారు, పిడికిలి తగలకముందే బంతి జారుతుంది, అంపైర్ దాన్ని విసిరినట్టుగా చూసి ఫ్రీకిక్ ఇస్తాడు. పట్టిన చేయి కదలకూడదు, కొట్టే చేయే కదలాలి. బొటనవేలు పిడికిలి లోపల పెట్టి కొడితే బెణుకుతుంది. బయట, చూపుడువేలి పక్కన ఉండాలి. బంతి మధ్యలో కొడితే ఎటుపడితే అటు దొర్లుతుంది. కాస్త కింద కొడితే వెనక్కి తిరుగుతూ అందుకునేవాడి పొట్ట ఎత్తులో చేరుతుంది. అందుకునేవాడు బంతి ఇచ్చేవాడితో సమానంగా నిలబడితే పాస్ ముందుకు పోయి అతన్ని దాటిపోతుంది. మూడు, నాలుగు మీటర్లు వెనక, ఒక పక్కగా ఉండి, పిలుస్తూ పరుగు మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ముందు ఎవరూ లేకుండా హ్యాండ్‌బాల్ ఆడటం. అందరూ బంతి చుట్టూ మూగుతారు, నాలుగు పాస్‌లు అద్భుతంగా పడతాయి, తల ఎత్తి చూస్తే తన్నడానికి ముందు మనిషే ఉండడు. అందుకే ఇద్దరు ఫార్వర్డ్‌లకి ఒక గట్టి ఆదేశం ఉండాలి: బంతి మన సగంలో ఉన్నంతసేపు మీరు గోల్ ముందు గీసిన 50 మీటర్ల వలయం దాటి రాకండి.

తడి బంతితో ఇదంతా వేరే కథ. బకెట్ అందుకే. ఎనిమిదిలో రెండు బంతులు తడిపి ఆడిస్తే, ఏ ఇద్దరు కుర్రాళ్లకి వానలో హ్యాండ్‌బాల్ ఇవ్వకూడదో జూన్ లోపే తేలిపోతుంది.

బెంచ్ మీద కూర్చున్నవాడు

విరామంలో బరాసీ చేసిన రెండో పని బెర్ట్ థార్న్‌లీని తీసి టెడ్ హాప్‌కిన్స్‌ని ఫార్వర్డ్ పాకెట్‌లో (గోల్ పక్క మూలలో) దింపడం. హాప్‌కిన్స్ నాలుగు గోల్స్ కొట్టాడు. ఇప్పటి కళ్లతో చూస్తే మామూలు మార్పిడి. అప్పట్లో అది వెనక్కి తీసుకోలేని నిర్ణయం. బయటికి వచ్చినవాణ్ణి మళ్లీ దింపే ఇంటర్‌ఛేంజ్ 1978లో వచ్చింది. 1970లో ఉన్నది 19వ మనిషి, 20వ మనిషి మాత్రమే. బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లే వీల్లేదు. ఇంకో సగం ఆట ఉండగా ఇద్దరిలో ఒకరిని వాడేయడం అంటే, ఎవరైనా గాయపడితే ఆదుకోవడానికి ఒక్కడే మిగులుతాడని తెలిసీ చేయడం.

అమెచ్యూర్ కోచ్ ఇక్కడ గమనించాల్సింది ఆ మార్పు ఏ ఆటకి సరిపోయిందన్నది. పొడుగు కిక్కులు మానేసి హ్యాండ్‌బాల్‌కి మారినప్పుడు గోల్ ముందు కావాల్సింది నేల మీద పడ్డ బంతిని వేగంగా అందుకునేవాడు. హాప్‌కిన్స్ చిన్న కుర్రాడు, చురుకు. ఆట తీరు మార్చి, పాత మనుషులనే ఉంచితే పని జరిగేది కాదు. చాలా జట్లు విరామంలో వ్యూహం మారుస్తాయి, మనుషుల్ని మార్చవు. లేదా ఆడనివాణ్ణి తీసి అలాంటివాణ్ణే ఇంకొకణ్ణి దింపుతాయి. మార్పు చేసేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: బంతి ఇప్పటినుంచి గోల్ ముందుకి ఏ ఎత్తులో వస్తుంది? గాల్లోనా, నేల మీదా? దాన్నిబట్టే మనిషి.

ఆ హాప్‌కిన్సే పాతికేళ్ల తర్వాత ఛాంపియన్ డేటా అనే గణాంకాల సంస్థని స్థాపించాడు. నేటి ఏఎఫ్‌ఎల్‌లో ప్రతి హ్యాండ్‌బాల్‌నీ, ప్రతి షాట్ దూరాన్నీ లెక్కపెట్టేది అదే. అమెచ్యూర్ జట్టుకి అంత సరంజామా అక్కర్లేదు. స్కోరర్ పక్కన ఒక కాగితం, దాని మీద గోల్ ముందు భాగం బొమ్మ. ప్రతి షాట్‌కీ తీసిన చోట ఒక గుర్తు: గోల్ అయితే చుక్క, బిహైండ్ అయితే గీత, పూర్తిగా తప్పితే ఇంటూ. రిజర్వ్ జట్టులో ఉన్న కుర్రాడెవరైనా చేయగల పని. నాలుగు మ్యాచ్‌ల కాగితాలు పక్కపక్కన పెడితే, గీతలన్నీ ఒకే పాకెట్‌లో గుంపుగా కనిపిస్తాయి. అప్పుడు మాట్లాడాల్సింది ఫార్వర్డ్‌లతో కాదు, వాళ్లకి బంతి అక్కడికి తంతున్న మిడ్‌ఫీల్డర్లతో.

తలకి దెబ్బ

కాలింగ్‌వుడ్ వైపు నుంచి ఒక సంగతి. పీటర్ మెకెన్నా ఆ ఏడాది 143 గోల్స్ కొట్టిన ఫుల్ ఫార్వర్డ్, అంటే గోల్‌కి అతి దగ్గరగా ఆడే ఫార్వర్డ్. ఫైనల్లోనూ ఆరు కొట్టాడు. కానీ రెండో క్వార్టర్‌లో సొంత సహచరుడు డెస్ టడ్డెన్‌హమ్‌తోనే ఢీకొని తలకి దెబ్బ తగిలించుకున్నాడు. ఆ తర్వాత కూడా మైదానంలోనే ఉన్నాడు. రెండో సగంలో కాలింగ్‌వుడ్ మొత్తం స్కోరు 4.4. దాన్నంతా ఆ ఒక్క దెబ్బకి అంటగట్టలేం గానీ, దాడి మొత్తం ఒక్క మనిషి చుట్టూ అల్లుకున్న జట్టుకి ఇలాంటి దెబ్బ ఎంత ఖరీదో ఊహించవచ్చు.

నేడు అలా ఆడనివ్వరు. కమ్యూనిటీ స్థాయిలో ఏఎఫ్‌ఎల్ మార్గదర్శకాల ప్రకారం కంకషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) అని తేలినా, అనుమానం ఉన్నా ఆ రోజు ఆట ముగిసినట్టే. మళ్లీ మ్యాచ్ ఆడాలంటే కనీసం 21 రోజులు ఆగాలి, డాక్టర్ అనుమతి కావాలి. పై సెమీ నుంచి ఫైనల్ దాకా ఉండేది రెండు వారాలే. అంటే సెమీలో తలకి దెబ్బ తగిలిన ఫుల్ ఫార్వర్డ్ ఆ సీజన్‌కి ఇక లేనట్టే, బతిమాలినా లాభం లేదు. కాబట్టి రెండో ఫుల్ ఫార్వర్డ్ ఎవరన్నది ఫైనల్స్ వారంలో వెతికే విషయం కాదు. రిజర్వ్ జట్టులో ఆ స్థానంలో ఆడే కుర్రాణ్ణి జూలైలోనే రెండు, మూడు సీనియర్ మ్యాచ్‌ల్లో దింపి చూడాలి. ఫైనల్స్‌కి అర్హత రావాలంటే సీజన్‌లో కనీసం ఇన్ని మ్యాచ్‌లు ఆడి ఉండాలన్న నిబంధన లీగ్‌ని బట్టి మారుతుంది. టీమ్ మేనేజర్ ఆ జాబితాని ప్రతి సోమవారం సరిచూసి, ఎవరికి ఇంకా ఎన్ని మ్యాచ్‌లు కావాలో మంగళవారం ప్రాక్టీసుకి ముందే కోచ్ చేతిలో పెట్టాలి.